కూలీలు లేరు, పనీ లేదు

కోనసీమ పల్లెల్లో కూలి సంగతి ఎవరి దగ్గర కదిపినా రెండు జవాబులు వస్తాయి. చేను చేసేవాడు "కూలీలు దొరకట్లేదండీ, దొరికినా ఆ రేటు మనం ఇచ్చుకోలేం" అంటాడు. నాలుగు వీధుల అవతల కూలీల పేటలో అదే మాట అడిగితే "పనులెక్కడున్నాయండీ, సీజనులో నాలుగు రోజులు, తర్వాత ఖాళీయే" అంటారు. ఒకే ఊళ్లో, ఒకే ఏడాదిలో మనుషులు లేరన్నదీ పని లేదన్నదీ ఎలా కుదురుతాయి? కూలీలకు బద్ధకం పెరిగిందని కొందరు, రైతుకు ఇచ్చే మనసు లేదని కొందరు సులువుగా తేల్చేస్తుంటారు. నాకు అర్థమైనంతలో ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ రెండు నిజాలకీ వేరు ఒకటే. అది పట్టుకుంటే, కూలి రేటు పెరిగినా కూలి కుటుంబం ఎందుకు గట్టెక్కలేదో తెలుస్తుంది.

ఈ తగవు దేశమంతా విన్నది 2011లో. ఆ ఏడు సార్వాకు (ఖరీఫ్ పంటకు) కోనసీమ రైతులు వేల ఎకరాలు ఊడ్చకుండా వదిలేశారు. దానికి క్రాప్ హాలిడే అన్న పేరు స్థిరపడింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ గౌతమీ వశిష్ఠల మధ్య ఈ గడ్డ వరికి పెట్టింది పేరు. అలాంటి చోట రైతు తనంతట తాను చేను బీడు పెట్టడం అందరినీ ఉలిక్కిపడేలా చేసింది. సాధారణ రకం వడ్ల మద్దతు ధర అప్పుడు క్వింటాలుకు 1080 రూపాయలు, అంటే 75 కిలోల బస్తా 810. ఆ ధరైనా చేతికందడం లేదని, మురుగు కాలవలు పూడిపోయి వాన పడితే చేలు మునిగిపోతున్నాయని రైతులు మొత్తుకున్నారు. వీటన్నిటితో పాటు గట్టిగా వినిపించింది కూలి ఖర్చు. ఉపాధి హామీ వచ్చాక పొలానికి మనుషులు రావడం లేదు, సీజనులో ఆ పనులు ఆపండి అన్నారు. పెట్టుబడికి సగం కలిపి ధర ఇమ్మన్న స్వామినాథన్ కమిషన్ సిఫార్సు అమలు చెయ్యమన్నారు. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. 2022 సార్వాకు మళ్లీ అదే మాట లేచింది. ఆసారి అమ్మిన ధాన్యానికి డబ్బు సకాలంలో రాకపోవడం, తీరని మురుగు గోడు ముందుకొచ్చాయి.

రైతు కష్టం నిజం. కానీ అప్పుడు అంతగా వినబడని లెక్క ఇంకొకటుంది. పంట వేయని సార్వాలో నారుతీత పోయింది, ఊడ్పు పోయింది, కలుపు పోయింది, కోత పోయింది. పొలం ఉన్నవాడికి ఒక పంట పోయినా పొలం మిగిలింది. కూలికి వెళ్లే ఇంటికి పోయిన రోజులు పోయినట్టే.

ఉపాధి పనే కూలీలను ఎత్తుకుపోయిందన్న మాటను అంకెలతో సరిచూద్దాం. 2011లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 121 రూపాయలు. 2025-26లో 307. ఇదే కాలంలో సాధారణ రకం వడ్ల మద్దతు ధర 1080 నుంచి 2369కి వచ్చింది. అప్పుడు ఒక క్వింటాలు వడ్ల ధరతో తొమ్మిది రోజుల ఉపాధి కూలి ఇవ్వగలిగేవారు. 2025-26 లెక్కలో ఎనిమిది రోజులకు కాస్త తక్కువ వచ్చింది. పద్నాలుగేళ్లలో కూలి వైపు జరిగిన మొగ్గు అంతే. ఈలోగా బజారు ధరలు సుమారు రెండింతలయ్యాయి కాబట్టి, కూలి రెండున్నర రెట్లయిందన్నదాంట్లో ఎక్కువ భాగం నూనె, పప్పు, మందుబిళ్లలే తినేశాయి. పైగా ఉపాధి హామీ చట్టం ఇస్తానన్నది ఏడాదికి ఇంటికి వంద రోజులైతే, దేశం మొత్తం మీద సగటున దొరికింది యాభై రోజుల దరిదాపుల్లోనే. ఊరి కూలి రేటుకు ఉపాధి హామీ ఒక అడుగుమెట్టు వేసిన మాట వాస్తవం. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే కూలి అన్నది చాలా ఊళ్లలో మొదటిసారి చూపించిందీ అదే. పొలం పనిలో నేటికీ ఆ సమానత రాలేదు. అయితే ఊళ్లను ఖాళీ చేసేంత బలం దానికి లేదు.

మరి ఊళ్లు ఎందుకు ఖాళీ అయ్యాయి? దీనికి రేటును పక్కనపెట్టి రోజులు లెక్కపెట్టాలి. మన చర్చలన్నీ "రోజుకు ఎంత" దగ్గరే ఆగిపోతాయి, "ఏడాదికి ఎన్ని రోజులు" అన్నది ఎవరూ అడగరు. నా దృష్టిలో పెద్ద లోపం ఇదే.

కోత సంగతి తీసుకోండి. చేత్తో కోసే రోజుల్లో ఒక ఎకరం చుట్టూ ఎన్ని పనులుండేవో పెద్దవాళ్లు చెబుతారు. ముఠా దిగి కొడవళ్లతో కొయ్యాలి. పనలు వరుసగా పరిచి ఆరబెట్టాలి. వాన మబ్బు కనబడితే తిరగెయ్యాలి. కట్టలు కట్టి మోసుకొచ్చి కుప్ప వెయ్యాలి. కొన్నాళ్ల తర్వాత కుప్ప నూర్చాలి, ధాన్యం ఎగరబొయ్యాలి, బస్తాలకెత్తాలి, గడ్డి వామి వెయ్యాలి. నవంబరులో మొదలైన పని సంక్రాంతి దాకా ఏదో ఒక రూపంలో సాగేది. కూలిలో కొంత ధాన్యంగా ఇంటికొచ్చేది. ఇప్పుడు చైను మిషను చేలో దిగుతుంది. తడి నేలలో కూరుకుపోకుండా దానికి టైర్ల బదులు చైను ఉంటుంది. గంట అటూ ఇటూ ఎకరం కోసి, నూర్చి, ధాన్యం ట్రాక్టరులో పోసి పక్క చేలోకి వెళ్లిపోతుంది. బాడుగ గంటల లెక్క. తుపాను వచ్చి చేను పడిపోతే అదే ఎకరానికి గంటలు పెరుగుతాయి, రైతు గుండె దడ పెరుగుతుంది. మామూలు ఏడాదిలో మాత్రం మిషనే చౌక. రైతు మిషను పెట్టడంలో తప్పేమీ లేదు, నేనైనా అదే చేస్తాను. కానీ ఆ గంటతో ఒక పేటకు సార్వాలోనూ దాళ్వా (రబీ)లోనూ వచ్చే వారాల పని మాయమైంది. కలుపు మందుల వల్ల కలుపుతీత రోజులూ అలాగే తగ్గాయి.

మిగిలింది ప్రధానంగా ఊడ్పు. జూన్‌లో కాలవలకు నీళ్లొస్తాయి, జూలై ఆగస్టుల్లో డెల్టా అంతా ఒకేసారి నాటాలి. నారుకు వయసు ముదిరితే పిలకలు తగ్గుతాయి, దిగుబడి పడిపోతుంది. అందుకే ఆ పది పదిహేను రోజులు చేను గట్టు మీద బేరం ఇలా నడుస్తుంది:

"ఎకరానికి ఎంతమ్మా?"

"అందరూ ఎంతిత్తన్నారో అదే ఇవ్వండి బాబూ."

"మొన్న అవతలి చేనుకి తక్కువకే ఊడ్చారు కదమ్మా."

"అది మొన్నండి. ఇయ్యాల మీ నారు ముదిరిపోతంది, మీకు తెల్దా?"

ముఠా మేస్త్రికి బలం వచ్చేది ఆ పది పదిహేను రోజులే. ఆ వారాల్లో దొరికే రేటు చూసి "కూలి ఆకాశాన్నంటింది" అని పేపర్లో వార్త వస్తుంది. సెప్టెంబరులో అదే మేస్త్రి ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు ఏ వార్తా రాదు.

ఒక చిన్న ఉదాహరణ వేసుకుందాం. ఇవి ఫలానా ఊరి లెక్కలు కావు, తేడా తెలియడానికి నేను అనుకున్న అంకెలు. రోజుకు 300 చొప్పున ఏడాదికి 120 రోజులు పని ఉంటే 36,000 వస్తాయి. రేటు 500కి పెరిగి, పని 60 రోజులకు తగ్గితే 30,000. రేటు పెరిగిందన్న రైతు మాట నిజం. ఇల్లు గడవడం లేదన్న కూలి మాట నిజం. మొదట్లో అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడుంది. అరవై రోజుల మీద ఏ కుటుంబమూ ఏడాది బతకలేదు. కాబట్టి వయసులో ఉన్నవాళ్లు ఊరు విడిచారు. రాజమండ్రి, విశాఖ, హైదరాబాదు మేడల పనులకు వెళ్లారు, గల్ఫ్‌కు వెళ్లారు. వాళ్లు వెళ్లిపోయాక ఊడ్పుల పది పదిహేను రోజులకు మనుషులు చాలరు. చాలక రేటు ఇంకా పెరుగుతుంది. ఆ రేటు భరించలేక రైతు పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చే ముఠాలకు ఎకరాల లెక్కన గుత్తకిస్తాడు. దాంతో ఊళ్లో ఉండిపోయిన ఆడవాళ్లకు ఆ కొద్ది రోజుల ఊడ్పూ తగ్గుతుంది. బెంగాల్ కూలీల మీద కోపం పెంచుకునేవాళ్లకు ఒక మాట. వాళ్లూ తమ ఊళ్లో పని చాలకే రైల్లో ఇంత దూరం కూర్చుని వచ్చి, పాకల్లో పడుకుని, ఇక్కడి చేలల్లో నడుం వంచుతున్నారు. మనవాళ్లు కువైట్‌లో ఏమిటో వాళ్లు ఇక్కడ అదే.

ఇక రెండో సగం: ఈ కూలి చెల్లించేది ఎవరు? కోనసీమలో చేను చేసేవాడు చాలాచోట్ల చేను సొంతదారు కాడు. సొంతదారు అమలాపురంలోనో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. చేసేది కౌలుదారు, చాలామంది నోటి మాట మీదే చేస్తారు. కౌలును ఇక్కడ మక్తా అని కూడా అంటారు, బస్తాల లెక్కన మాట్లాడుకుంటారు. ఎకరానికి 28 బస్తాలు పండిందనీ, మక్తా 12 బస్తాలనీ అనుకోండి. ఇవీ నేను అనుకున్న అంకెలే. 2025-26 మద్దతు ధర పూర్తిగా దొరికినా బస్తా 1777 రూపాయలు. కౌలుదారుకు మిగిలిన 16 బస్తాలకు సుమారు 28,400 వస్తుంది. దమ్ము, విత్తనం, ఎరువు, మందు, ఊడ్పు, మిషను, వడ్డీ అన్నీ ఇందులోంచే. మక్తా కదలదు. ఎరువు ధర అతని చేతిలో లేదు. మిషను బాడుగ అతని చేతిలో లేదు. బేరమాడగలిగింది కూలి దగ్గర ఒక్కచోటే. అందుకే చేలో ఎదురెదురుగా నిలబడి గొడవపడేది ఇద్దరు లేనివాళ్లు. పంటలో పెద్ద వాటా ముందే తీసుకున్నవాడు ఆ గట్టు మీద కనబడడు.

దేశం మొత్తం ఆదాయంలో పైనున్న ఒక్క శాతం మంది వాటా 2022-23లో 22.6 శాతమని ప్రపంచ అసమానతల పరిశోధకులు లెక్కగట్టారు. ఆ అంకె వినగానే మనకు ముంబయి మేడలు గుర్తుకొస్తాయి. పల్లెలో అసమానతకు మేడ అక్కర్లేదు, భూమి చాలు. కోనసీమలో ఎకరం ధర పంట ఆదాయంతో సంబంధం తెగిపోయి చాలా కాలమైంది. బయట సంపాదించిన డబ్బు ఇక్కడ భూమిలోకి వస్తుంది. కూలి డబ్బు దాచి అరెకరం కొనడం అన్న దారి మూసుకుపోయింది. ఆ దారి మూసుకుపోయిన పేటలు ఎవరివో ఇక్కడ అందరికీ తెలుసు. భూమి కొన్ని కులాల చేతిలో, కూలి కొన్ని కులాల చేతిలో ఉన్న పాత పంపకం మీదే ఈ కొత్త మార్కెట్ నిలబడింది. కూలివాళ్ల పిల్లలు డిగ్రీ చదివి చేలోకి దిగనంటే సోమరితనమనకండి. తాత పాలేరుగా ఎవరి గుమ్మం ముందు నిలబడ్డాడో, మళ్లీ ఆ గుమ్మం ముందే రోజు కూలికి నిలబడాలని ఏ పిల్లాడూ కోరుకోడు.

కౌలుదారుకు గుర్తింపు కోసం చట్టాలు లేకపోలేదు. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి. రెండోదాంట్లో భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెడితేనే కార్డు. పెడితే భూమి పోతుందేమోనన్న భయంతో చాలామంది పెట్టరు. కార్డు లేనివాడికి బ్యాంకు అప్పు రాదు, నష్టపరిహారం రాదు. బయటి వడ్డీకి తెచ్చి కూలి ఇస్తాడు. ఆ వడ్డీ కూడా చివరికి కూలి రేటు మీదే ఒత్తిడి అవుతుంది.

వరి సంగతి ఇలా ఉంటే, చెరువులు కొంత పని ఇస్తాయని ఆశపడ్డారు. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు చేలు రొయ్యల చెరువులయ్యాయి. చెరువు దగ్గర మేత వేసి కాపలా ఉండే మనిషికి నెల జీతం దొరుకుతుంది. పట్టుబడి నాడు ఒక ముఠాకు పని, ప్లాంట్లలో రొయ్య తలలు తీసే ఆడవాళ్లకు పని. కానీ అంతే నేలలో రెండు పంటల వరి ఒకప్పుడు పిలిచినంతమందిని చెరువు పిలవదు. పైగా ఆ పని దూరపు దేశాల నిర్ణయాలకు ముడిపడి ఉంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు కంగారు పడింది చెరువు యజమానులు ఒక్కరే కాదు. రోజు లెక్కన తలలు తీసేవాళ్లు కూడా.

కొబ్బరిది వేరే కథ. అక్కడ మనిషి నిజంగానే దొరకడం లేదు. ఒకటిన్నర రెండు నెలలకోసారి దింపు తియ్యాలి. అరవై అడుగుల చెట్టు, చేతిలో కత్తి, కాళ్లకు ఒక బందం, వాన పడితే నున్నటి మాను. జారితే బతికినా నడుం పోతుంది. ఈ పని కొడుకుకు నేర్పే తండ్రి తగ్గిపోయాడు. కొబ్బరి అభివృద్ధి బోర్డు దింపు కార్మికుల కోసం కేర సురక్ష అనే ప్రమాద బీమా పెట్టింది. చెట్టు ఎక్కే మనిషికి దాని పేరైనా చేరాలి. తోట యజమానులు ప్రీమియం తాము కడితే దింపు ఆగదని నా నమ్మకం. ఇక వలుపు పని. నేలలో నిలబెట్టిన ఇనుప మొన మీద కాయ గుచ్చి, మణికట్టు బలంతో డొక్క విడదీయాలి. కూలి కాయల లెక్క. అంబాజీపేట మార్కెట్లో కాయ ధర ఎగిరినప్పుడు లాభం తోటలకూ వ్యాపారులకూ చేరుతుంది. వలిచేవాడి లెక్క కాయల సంఖ్య మీద కాబట్టి, ధర ఎగిరినా అతనికి అవే మణికట్లు, అవే కాయలు.

ఇక ఆడవాళ్ల వలస గురించి చెప్పుకోవాలి. రాజోలు, మలికిపురం, మామిడికుదురు, అమలాపురం పరిసరాల్లో కువైట్, మస్కట్, దుబాయ్, ఖతార్ పేర్లు పక్క మండలాల పేర్లలా వినిపిస్తాయి. ఇంటిపనికి వెళ్లేవాళ్లు ఖద్దామా వీసా మీద వెళతారు. కువైట్ 2015లో ఇంటి పనివాళ్ల కోసం ప్రత్యేక చట్టం చేసింది. పన్నెండు గంటలకు మించి పని వద్దు, వారానికో సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు అంది. 2016లో కనీస జీతం నెలకు 60 దినార్లుగా పెట్టింది. దినారు 280 రూపాయల దరిదాపు అనుకుంటే అది నెలకు 16,800, ఏడాదికి రెండు లక్షలు. ఊళ్లో అరవై రోజుల కూలితో పోల్చి చూడండి, ఒక తల్లి పసిపిల్లను అమ్మమ్మ దగ్గర వదిలి విమానం ఎందుకు ఎక్కుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. చట్టంలో రాసిన సెలవు ఇంటి నాలుగు గోడల మధ్య అమలయ్యేదీ లేనిదీ వీసా పెట్టిన యజమాని అయిన కఫీలు మంచితనాన్ని బట్టి ఉంటుంది.

మన దేశం వీళ్ల రక్షణ కోసం గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లే మహిళకు ముప్పై ఏళ్లు నిండాలని, ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే వెళ్లాలని నిబంధన పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. ఉద్దేశం మంచిదే. అయితే ఊళ్లో అప్పులవాడు గుమ్మంలో కూర్చుని ఉంటే ఇరవై ఆరేళ్ల మనిషి ముప్పై దాకా ఆగదు. ఏజెంటు విజిట్ వీసా మీద పంపుతాడు. అలా వెళ్లిన మనిషి పని వలస రికార్డుల్లో ఉండదు. కష్టం వస్తే ప్రవాసీ భారతీయ బీమా వర్తించదు, ఎంబసీకి ఆమె ఉన్నట్టే తెలియదు, అకామా (నివాస అనుమతి) లేదు కాబట్టి బయటికొస్తే నేరస్థురాలు. రెండేళ్లకు 275 రూపాయలు కడితే పది లక్షల ప్రమాద బీమా ఇచ్చే ఆ పథకం సక్రమ దారిలో వెళ్లినవాళ్లకే. ఎక్కువ రక్షణ అవసరమైనవాళ్లే రక్షణ బయట మిగిలిపోతున్నారు.

వెస్టిండీస్‌లో పుట్టిన ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ 1954లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు, 1979లో నోబెల్ అందుకున్నాడు. పల్లెలో అవసరానికి మించి మనుషులున్నంత కాలం కూలి పెరగదనీ, పట్నం పరిశ్రమలు వాళ్లను లాక్కున్నాక పల్లెలోనూ కూలి పెరుగుతుందనీ ఆయన చెప్పింది. మన దగ్గర కూలి పెరగడం చూసి ఆ మలుపు వచ్చేసిందని సంతోషించేవాళ్లున్నారు. కోనసీమను చూస్తే నాకు ఆ నమ్మకం కలగదు. ఈ నేల కింద గ్యాసుంది, చమురుంది. 1995లో పాశర్లపూడి బావి మంటలూ, 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైను పేలుడూ ఇక్కడి జనమే భరించారు. కానీ పేటలోని పిల్లలను పిలిచి ఏడాది పొడవునా జీతమిచ్చే పరిశ్రమ ఆ గ్యాసు వెంట రాలేదు. మనుషులను లాక్కున్నది మన ఫ్యాక్టరీ కాదు, పరాయి వంటిల్లు. లూయిస్ చెప్పిన మలుపులో వెళ్లినవాడు స్థిరపడతాడు. ఇక్కడ వెళ్లిన మనిషి నాలుగైదేళ్లకు అరిగిన ఒంటితో తిరిగొస్తుంది, అదే పేటకు, అవే అరవై రోజులకు.

ఇప్పుడు ముంగిట్లో ఉన్న విషయం ఒకటి చెప్పాలి. ఉపాధి హామీ స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. పని వంద రోజుల నుంచి 125కి పెంచింది, ఖర్చులో నలభై శాతం చాలా రాష్ట్రాల మీద పెట్టింది. వ్యవసాయం ముమ్మరంగా ఉండే కాలంలో మొత్తం అరవై రోజులు పనులు ఆపాలని, ఆ రోజులను రాష్ట్రం ముందే ప్రకటించాలని చెప్పింది. 2011లో కోనసీమ రైతులు అడిగింది దాదాపు ఇదే. అడిగింది దొరికింది కదా అని ఊరుకోలేం. ఊళ్లో మిగిలిన నడివయసు ఆడవాళ్లకు మేస్త్రితో బేరమాడే బలం ఇచ్చింది "కాదంటే ఉపాధి పనికి పోతాం" అన్న ఒక్క మాటే. సరిగ్గా ఊడ్పుల వారాల్లో ఆ మాట లేకుండా పోతుంది. పైగా ఇక్కడ సార్వా ఊడ్పులు, కోతలు, దాళ్వా ఊడ్పులు, కోతలు అని ఏటా నాలుగు రద్దీలున్నాయి. కోతను మిషను తీసుకున్నాక కోతల కాలంలో ఉపాధి పని ఆపితే రైతుకు కలిసొచ్చేదేమీ లేదు, కూలికి మాత్రం ఖాళీ రోజులు పెరుగుతాయి. ప్రాంతాన్ని బట్టి వేర్వేరు తేదీలు పెట్టుకునే వీలు చట్టంలో ఉంది. కాబట్టి కొత్తపేట, రాజోలు, అమలాపురం మండలాల గ్రామసభల్లో రైతులూ కూలీలూ కలిసి తేల్చుకోవలసిన ప్రశ్న ఇది: కోనసీమకు ఆ అరవై రోజులు ఏవి, వాటిలో మిషను కోసే రోజులను ఎందుకు కలపాలి?